పాలమూరు, నల్లగొండ రచయితల పుస్తకాల్లో ఎప్పటికీ నచ్చేది ఏది?

ఒక్కటే చెప్పమంటే సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. ఆయన పాత పాలమూరు జిల్లా మనిషి, గోలకొండ పత్రిక సంపాదకుడు. 1949లో వచ్చిన ఈ పుస్తకానికి 1955లో తెలుగులో తొలి సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు అని పాత కావ్యాల్లోంచి ఓపిగ్గా వెతికి తీశారాయన. క్రీడాభిరామం అనే పాత తెలుగు రచన ఆధారంగా ఓరుగల్లు జనజీవితం గురించి రాసింది చదువుతుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పెద్ద పుస్తకమని టెన్షన్ వద్దు, కాకతీయుల కాలం నుంచి మొదలుపెట్టండి. కథే కావాలంటే నల్లగొండ బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామి నవల 'ప్రజల మనిషి' తీసుకోండి. నిజాం కాలపు పల్లెల్లో దొరల పెత్తనం ఎలా సాగిందో అందులో తెలుస్తుంది.