మదుపు సందేహాలు: మహమ్మారి ఎక్కడో పుడితే మన షేర్లు ఎందుకు పడతాయి?

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో నాలుగు 2020 నాటి మార్కెట్ పతనం గురించే ఉన్నాయి. ఆ నాలుగింటికీ ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న (విశ్రాంత ఉపాధ్యాయురాలు, విజయనగరం): 2020 మార్చి మూడో వారానికి మన దేశంలో కరోనా కేసులు కొన్ని వందలే. వ్యాధి ఇటలీలోనూ అమెరికాలోనూ ఉద్ధృతంగా ఉంది. అయినా మన మార్కెట్ అంతగా ఎందుకు కుప్పకూలింది?

జవాబు: షేరు ధరను రోగుల సంఖ్య ఒక్కటే నిర్ణయించదు. ఆ షేరును చేతిలో పెట్టుకున్నవారికి డబ్బు ఎంత అత్యవసరంగా కావాలి, ఆ డబ్బు ఏ కరెన్సీలో కావాలి అన్నవి కూడా నిర్ణయిస్తాయి. ముందు అంకెలు చూడండి. 2020 జనవరి 14న బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్ సూచీ సెన్సెక్స్ 41,952 వద్ద ముగిసింది, మార్చి 23న 25,981కి దిగింది. అంటే పది వారాలలో 38 శాతం పోయింది. జనతా కర్ఫ్యూ మరునాడైన ఆ మార్చి 23న ఒక్కరోజే 3,934 పాయింట్లు, 13 శాతానికి మించి పడింది. ఉదయం 10 శాతం పడగానే నిబంధన ప్రకారం 45 నిమిషాలు లావాదేవీలు ఆపారు; తిరిగి మొదలయ్యాక పతనం ఇంకా లోతుకు వెళ్లింది.

ఆ నెలలో విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులు (మన షేర్లు, బాండ్లు కొనే విదేశీ ఫండ్లు, సంస్థలు) మన షేర్లలో దాదాపు 62,000 కోట్ల రూపాయల విలువైనవి నికరంగా అమ్మేశారు. మన కంపెనీల మీద వారికి కొత్తగా ఏదో అనుమానం కలిగినందువల్ల జరిగిన అమ్మకం కాదది. పెద్ద విదేశీ ఫండ్లలో చాలావరకు మన దేశాన్ని విడిగా చూడవు. బ్రెజిల్, దక్షిణాఫ్రికా, ఇండోనేషియా, భారత్ అన్నీ 'వర్ధమాన దేశాలు' అనే ఒకే బుట్టలో ఉంటాయి. తమ ఖాతాదారులు డబ్బు తిరిగి ఇమ్మన్నప్పుడు ఫండ్ నిర్వాహకులు ఆ బుట్టలోంచి ఏది తొందరగా అమ్ముడుపోతే దాన్ని అమ్ముతారు. మన మార్కెట్ పెద్దది, ఏ రోజుకారోజు కొనేవారు దొరుకుతారు. కనుక మన షేర్లు ముందే అమ్మకానికి వచ్చాయి. ప్రపంచవ్యాప్తంగా అందరూ ఒకేసారి అమెరికా డాలర్లలోకి, అమెరికా ప్రభుత్వ బాండ్లలోకి పరుగెత్తారు. అంతర్జాతీయ బ్యాంకులు, ఆర్థిక సంస్థల సంఘమైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంటర్నేషనల్ ఫైనాన్స్ లెక్క ప్రకారం ఆ ఒక్క మార్చిలోనే వర్ధమాన దేశాల షేర్లు, బాండ్ల నుంచి 8,300 కోట్ల డాలర్లకు పైగా వెనక్కి వెళ్లాయి.

ఇక్కడే సంపన్న దేశాలకూ మనకూ ఉన్న అసలు తేడా బయటపడుతుంది. భయం పుట్టినప్పుడు అమెరికా షేర్లు అమ్మిన మదుపరి అమెరికా బాండు కొంటాడు. డబ్బు ఆ దేశంలోనే ఉంటుంది. మన షేరు అమ్మిన విదేశీ మదుపరి మాత్రం చేతికొచ్చిన రూపాయలను ఇచ్చి డాలర్లు కొనుక్కుని వెళ్లిపోతాడు. జనవరి మధ్యలో 71 రూపాయల దగ్గర ఉన్న డాలరు మార్చి 23 నాటికి 76 దాటింది. రూపాయలలో 38 శాతంగా కనిపించిన పతనం డాలర్లలో లెక్కవేసుకునే మదుపరికి రమారమి 42 శాతమయింది. ఇంకా ఆలస్యం చేస్తే రూపాయి మరింత పడుతుందన్న భయంతో మిగిలినవారూ తొందరపడ్డారు. ఇలా షేరు పతనమూ కరెన్సీ పతనమూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వెళ్లడమే వర్ధమాన దేశాల మార్కెట్లలో మహమ్మారి చేసే ప్రత్యేకమైన హాని.

అయితే ఈ దేశాలన్నింటి గతీ ఒకటి కాలేదు. బ్రెజిల్ ప్రధాన సూచీ జనవరి శిఖరం నుంచి మార్చి 23 నాటికి 47 శాతం పడింది. ఫిలిప్పీన్స్ మార్చి 17న స్టాక్ ఎక్స్ఛేంజ్‌నే మూసివేసి, రెండు రోజుల తరవాత తెరిచింది. తెరిచిన రోజు సూచీ 13 శాతానికి పైగా పడింది. అమ్ముకునే దారి మూస్తే భయం తగ్గదు, పెరుగుతుంది. మన మార్కెట్‌ను పూర్తిగా మూయకుండా నడపడం మంచి నిర్ణయమని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ప్రశ్న (జీడిపప్పు వ్యాపారి, పలాస): రూపాయి పడితే ఎగుమతులు చేసేవారికి లాభమని చెబుతారు. 2020లో మా ఊరిలో ఆ లాభం ఎవరికీ కనబడలేదు. పైగా జీడిపిక్కల దిగుమతి భారమయింది. షేర్ మార్కెట్‌లో ఎవరో అమ్ముకుంటే మా వ్యాపారానికి ఈ దెబ్బ ఎందుకు?

జవాబు: పైన చెప్పిన గొలుసులో ఆఖరి కొస మీ దగ్గరే ఉంది. విదేశీ మదుపరి ముంబైలో షేర్లు అమ్మి డాలర్లు కొంటే డాలరు ధర పెరుగుతుంది. ఆఫ్రికా దేశాల నుంచి జీడిపిక్కలు తెప్పించుకునేవారు అదే డాలరును ఎక్కువ రూపాయలు పోసి కొనాలి. రూపాయి పడిపోవడం వల్ల మేలు జరగాలంటే సరుకు కొనేవారు ఉండాలి, ఓడలు కదలాలి. ఆ నెలల్లో పెళ్లిళ్లు ఆగిపోయాయి, మిఠాయి దుకాణాలు మూతపడ్డాయి, ఓడరేవుల్లో పనులు మందగించాయి. మామూలు రోజుల్లో అక్కరకు వచ్చే ఆ సూత్రం మహమ్మారి కాలంలో వర్ధమాన దేశాలకు చాలాచోట్ల పనిచేయలేదు.

మన దేశాన్ని మరీ లోతుకు పోనివ్వకుండా నిలబెట్టినవి ప్రధానంగా రెండు. ముడిచమురు ధర ఘోరంగా పడిపోవడం చమురు అమ్ముకునే దేశాలను ముంచింది గాని, కొనుక్కునే మనకు డాలర్ల ఖర్చు తగ్గించింది. రెండోది రిజర్వు బ్యాంకు దగ్గరున్న విదేశీ మారక నిల్వలు. 2020 జూన్‌లో అవి మొదటిసారిగా 50,000 కోట్ల డాలర్లు దాటాయి. నిల్వలు బాగా ఉన్న దేశం నుంచి మదుపరి అంత కంగారుగా పారిపోడు. తన డాలర్లు తనకు తిరిగి వస్తాయన్న నమ్మకం ఉంటుంది.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, ఎచ్చెర్ల): 2020లో మా జిల్లా మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌లో చిక్కుకుపోయి, చివరకు బస్సుల్లో ఇళ్లకు చేరారు. మా నాన్నగారికి ఆరు నెలలు పనిలేదు. అదే ఏడాది సెన్సెక్స్ పెరుగుతూ పోయింది. ఇది న్యాయమేనా? ఆర్థిక వ్యవస్థ పడిపోతుంటే మార్కెట్ ఎలా పెరిగింది?

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతోంది. ఈ ప్రశ్నకు అంకెలతోనే కాక నిజాయితీతో కూడా జవాబు చెప్పవలసి ఉంది. 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు మన జీడీపీ అంతకు ముందు ఏడాదితో పోలిస్తే 23.9 శాతం కుంగిందని మొదటి అంచనా వచ్చింది. ఆ ఏడాది నవంబరుకే సెన్సెక్స్ జనవరి శిఖరాన్ని దాటింది. 2021 జనవరి 21న 50,000 మార్కును తాకింది.

సెన్సెక్స్‌లో ఉండేవి 30 పెద్ద కంపెనీలు. వాటి మధ్య మీ నాన్నగారి పని లేదు, చేపల రేవు లేదు, పలాస జీడి కార్ఖానా లేదు. చిన్న వ్యాపారి దుకాణం మూసినప్పుడు అతని ఖాతాదారు పెద్ద కంపెనీ దగ్గరకు వెళ్లాడు; కొన్ని పెద్ద కంపెనీల లాభాలు మహమ్మారిలో పెరగడానికి అదీ ఒక కారణం. రెండో కారణం డబ్బు. మార్చి 23న మన మార్కెట్‌లో ఆనాటి లావాదేవీలు ముగిసిన కొద్ది గంటలకే అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు, పరిమితి లేకుండా బాండ్లు కొని మార్కెట్‌లోకి డబ్బు వదులుతామని ప్రకటించింది. వడ్డీని అంతకు వారం ముందే దాదాపు సున్నాకు దించింది. మార్చి 27న మన రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని) 4.4 శాతానికి, మే 22న 4 శాతానికి తగ్గించింది. అమెరికాలో వడ్డీ దొరకని డబ్బు మార్చిలో పారిపోయిన దారినే తిరిగి వచ్చింది: 2020-21 ఆర్థిక సంవత్సరంలో విదేశీ పోర్ట్‌ఫోలియో మదుపరులు మన షేర్లలో నికరంగా 2 లక్షల 74 వేల కోట్ల రూపాయలు పెట్టారు. బ్యాంకు డిపాజిట్‌పై వడ్డీ తగ్గి, ఇంట్లోనే కూర్చున్న మనవాళ్లు కూడా మార్కెట్‌లోకి వచ్చారు. 2020 మార్చిలో సుమారు 4 కోట్లున్న డీమ్యాట్ ఖాతాలు (షేర్లు దాచుకునే ఖాతాలు) రెండేళ్లలో 9 కోట్లకు చేరువయ్యాయి.

న్యాయమా అని అడిగారు. కాదు. వడ్డీ తగ్గింపు షేర్లు ఉన్నవారికి వెంటనే అందింది. రోజుకూలి ఉన్నవారికి అందడానికి చాలా కాలం పట్టింది, కొందరికి అందనేలేదు. అందువల్ల సూచీ పెరిగిందని చూసి దేశం కోలుకున్నదని చెప్పేవారి మాటను మీరు అంగీకరించనవసరం లేదు.

ప్రశ్న (పదవీ విరమణ చేసిన ఉద్యోగి, రాజాం): 2020 మార్చి ఆఖరి వారంలో భయపడి మ్యూచువల్ ఫండ్ యూనిట్లన్నీ నష్టానికి అమ్మేశాను. మళ్లీ అలాంటి వ్యాధి వస్తే ఏం చేయాలి? మా మేనల్లుడు పైడిభీమవరంలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. ఈసారి ముందే ఫార్మా షేర్లు కొనమంటున్నాడు.

జవాబు: మేనల్లుడి మాట సగం నిజం. 2020లో ఫార్మా సూచీ, అంటే మందుల కంపెనీల షేర్ల సూచీ, మార్కెట్‌ను మించి పెరిగింది. కాని వ్యాధి వార్త అందరికీ తెలిసేసరికి ధరలో అది కలిసిపోయి ఉంటుంది. 2022లో అదే సూచీ నష్టంతో ఏడాది ముగించింది. పైగా మన మందుల కంపెనీలు ముడి రసాయనాలను ఎక్కువగా చైనా నుంచే తెచ్చుకుంటాయి. 2020 ఆరంభంలో అక్కడ కర్మాగారాలు ఆగినప్పుడు ఇక్కడివారికి ఎంత ఇబ్బందయిందో ఆయనకు తెలిసే ఉంటుంది.

మీరు అమ్మిన సమయానికి నిఫ్టీ (సెన్సెక్స్ లాంటిదే, 50 కంపెనీల సూచీ) ఎనిమిది వేల అటూ ఇటూ ఉంది. 2021 ఫిబ్రవరిలో 15,000 దాటింది. దీనిని చెప్పి మిమ్మల్ని నొప్పించాలని కాదు. ఆ రోజుల్లో అడుగు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మీ పొరపాటు అమ్మడంలో కన్నా, త్వరలో అవసరపడే డబ్బును అక్కడ పెట్టడంలో ఉందని నా అభిప్రాయం. రాబోయే నాలుగైదేళ్లలో వైద్యానికో, ఇంటి మరమ్మతుకో, మనవరాలి పెళ్లికో కావలసిన మొత్తాన్ని షేర్ల దరిదాపులకు పోనివ్వకండి. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 2023 ఏప్రిల్ నుంచి 30 లక్షల వరకు పెట్టుకోవచ్చు. ఐదేళ్లపాటు మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. అది పోగా మిగిలినదానిలో, సగానికి సగం పడినా మీ నెల ఖర్చు ఆగదనుకున్నంత మేరకే ఇండెక్స్ ఫండ్‌లో (సూచీలోని షేర్లనే కొనే మ్యూచువల్ ఫండ్) నెలవారీ సిప్, అంటే నెలనెలా ఒకే మొత్తం పెట్టే పద్ధతి, మొదలుపెట్టండి. పతనం వచ్చిన నెలలో ఆ సిప్‌ను ఆపవద్దు, ఎందుకంటే తక్కువ ధరకు ఎక్కువ యూనిట్లు వచ్చేది ఆ నెలలోనే.