సొంత తోటలో చెట్లు కోయించి ఇంటి కలప చేసుకోవడం లాభమేనా?

తగరపువలస దగ్గర మీ నాన్నగారి జాగాలో ఆరు టేకు చెట్లు, ఒక వేప, ఒక పనస ఉన్నాయన్నారు. వచ్చే మాఘంలో ఇల్లు మొదలుపెడతామన్నారు. ఆ చెట్లు కొట్టించి మిల్లులో కోయించుకుంటే గుమ్మాలకీ తలుపులకీ సరిపోతాయా, అడితిలో కొనడం కంటే డబ్బు మిగులుతుందా అని అడిగారు. మేం ఈ పని ఒకసారి చేశాం. సగం బాగా కుదిరింది, సగం చేతులు కాల్చుకున్నాం. రెండూ చెబుతాను.

మాది ఆనందపురం నుంచి భీమిలి వెళ్ళే దారిలో ఒక పల్లె. మీలాగా మేం చెట్లను ఎంచుకోలేదు, అవే పడ్డాయి. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను రోజు. సాయంత్రం గాలి తగ్గాక తలుపు తీసి చూస్తే పెరటి వేప వంటింటి మూల మీద ఒరిగి ఉంది. టేకులు రెండు కూకటివేళ్ళతో లేచిపోయాయి, పనస సగానికి విరిగింది, మామిడి కంచె మీద అడ్డంగా పడింది. కొన్నాళ్ళు కరెంటే లేదు. వచ్చాక కూడా మిల్లులు ఖాళీగా లేవు. జిల్లా అంతా చెట్లు నేల మీదే కదా. మా వంతు వచ్చేసరికి సంక్రాంతి దాటింది. ఆ మూడు నెలల్లోనే మామిడి పాడైపోయింది. కోసి చూస్తే పలక నిండా నీలం నలుపు చారలు, అక్కడక్కడా పురుగు రంధ్రాలు. దాన్ని సెంట్రింగు చెక్కగా వాడేశాం. మామిడి, సుబాబుల్ లాంటి మెత్తని కర్రని కొట్టిన వారం పది రోజుల్లో కోయించలేకపోతే దాని మీద ఆశ వదులుకోవచ్చు. టేకు ఆగుతుంది, పనస కూడా కొంత ఆగుతుంది.

టేకునీ పనసనీ 2015 సంక్రాంతి తర్వాత కోయించి, పలకలు చేసి, పశువుల పాకలో పేర్చాం. వేప దుంగ మాత్రం ట్రాక్టరు తొట్టిలోకి ఎక్కలేదు, అంత లావు. టార్పాలిన్ కప్పి అక్కడే వదిలేశాం. మేం చేసిన పెద్ద తప్పు అదే.

ఏడాది గడిచాక ఇల్లు మొదలుపెట్టాం. సింహద్వారానికి ఆ వేపే పెట్టాలని మా మామ్మ పట్టుపట్టింది. చెట్టు ఆవిడ వేసిందే. పడిపోయిన చెట్టు సింహద్వారానికి కూడదని పెద్దవాళ్ళు ఒకరిద్దరు అన్నారు గానీ, "గాలికి పడింది, పిడుగు పడలేదు కదా" అని మామ్మ వాళ్ళ నోరు మూయించింది. 2016 మార్చిలో దుంగని క్రేన్‌తో ఎత్తించి మిల్లుకి పంపాం. ఏప్రిల్‌లో గుమ్మం నిలబెట్టే ముహూర్తం. వడ్రంగి మేస్త్రి కర్ర మీద చెయ్యి పెట్టి చూసి, "ఇది పచ్చిది బాబూ, తిరిగిపోద్ది" అన్నాడు. ఏడాదిన్నర ఆరింది కదా మేస్త్రీ అన్నాను. "దుంగలో నీరు దుంగలోనే ఉంటాది. పైన బెరడు ఎండితే లోపల ఎండినట్టా?" అన్నాడు. ముహూర్తం దగ్గరపడింది, చుట్టాలకి చెప్పేశాం, పసుపు కుంకుమలు కూడా సిద్ధం. పెట్టేశాం.

మరుసటి వేసవికల్లా ఆ ద్వారబంధం మెలి తిరిగింది. తలుపు మూస్తే కింద ఆనేది, పైన వేలు పట్టేంత సందు. వేపలో పోగు ఒకే దిక్కున సాగదు, పొరపొరకీ దిశ మారుతుంది. అలాంటి కర్ర పచ్చిగా పెడితే ఆరుతున్నకొద్దీ మెలికపడుతుంది. ఇప్పటికీ శ్రావణమాసం వస్తే మా నాన్న ఆ తలుపుని కాలితో కొంచెం ఎత్తి తోస్తాడు. ఇంటికొచ్చిన వాళ్ళకి అది కూడా ఒక వింత.

ఇందులో మీరు తెలుసుకోవలసింది ఒకటే. ఎండే లెక్క చెట్టు కొట్టిన రోజు నుంచి మొదలవ్వదు, దుంగని పలకలుగా కోసిన రోజు నుంచి మొదలవుతుంది. అందాజుగా అంగుళం మందానికి ఒక ఏడాది అంటారు. మూడంగుళాల ద్వారబంధానికి మూడేళ్ళు కావాలి. తలుపు రెక్కలకి వాడే అంగుళంన్నర పలకకి ఏడాదిన్నర. కర్రలో తేమ 30 శాతం దగ్గరకి దిగే వరకు అది పెద్దగా కుంచించుకోదు. అక్కడి నుంచి కిందికి దిగేటప్పుడే కదులుతుంది. అదీ అన్ని వైపులా సమానంగా కాదు. వలయాల వెంబడి ఎంత కుంచించుకుంటుందో, వలయాలకి అడ్డంగా అందులో దాదాపు సగమే. పలకలు దోనెలా వంగేది అందుకే. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఎంత ఆరబెట్టినా 14, 15 శాతం దగ్గర ఆగిపోతుంది. ఇంతకన్నా ఎండబెట్టాలంటే బట్టీలో ఆరబెట్టించాలి. మామూలు ఇంటి తలుపులకి అంత అవసరం లేదు.

మీకు మాఘం దాకా మిగిలిన సమయంలో ద్వారబంధాలు ఆరవు. నా సలహా అడిగితే, సింహద్వారం కర్ర ఎండినది అడితిలో కొనండి. లేదా ముహూర్తానికి ఏదో సాదా కర్రతో తాత్కాలికంగా ఒక చట్రం నిలబెట్టి పూజ చేసుకోండి. గోడలో గుమ్మం కన్నం వదిలేసి లింటెల్ వేసుకుంటే, అసలు ద్వారబంధాన్ని చివర్లో బోల్టులతో బిగించుకోవచ్చు. పంతులుగారు ఒప్పుకుంటారు. మా తమ్ముడి ఇంటికి అలాగే చేశాం. లోపలి గదుల తలుపులు, గూళ్ళు, మెట్ల పట్టీలు ఇల్లు సగం అయ్యాకే కదా కావాలి, వాటికి మీ కర్ర ఆరుతుంది. కోత మాత్రం అనుమతి కాగితాలు చేతికి రాగానే మొదలవ్వాలి.

ఇక లెక్క. దుంగని మిల్లు వాళ్ళు చుట్టుకొలత నాలుగో వంతు పద్ధతిలో కొలుస్తారు. మధ్యలో తాడు చుట్టి వచ్చిన అంగుళాల్ని నాలుగుతో భాగించి, దాన్ని దానితోనే హెచ్చించి, పొడవు అడుగులతో హెచ్చించి, 144తో భాగించాలి. 48 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవున్న దుంగ 10 ఘనపుటడుగులు. నిజానికి ఆ దుంగలో ఉన్నది పన్నెండున్నర దాటుతుంది, కొలత పద్ధతే కొంచెం తక్కువ చూపిస్తుంది. అయినా బెరడు, వంకర, పొట్టు పోగా చేతికొచ్చేది ఆ పదిలో సగం, మహా అయితే ఆరు. ఏడడుగుల ఎత్తు, మూడున్నర వెడల్పు గుమ్మానికి గడపతో కలిపి 5 బై 3 అంగుళాల కర్ర 21 అడుగులు పడుతుంది, అంటే దాదాపు 2.2 ఘనపుటడుగులు. కాబట్టి అంత టేకు దుంగ ఒకటి రెండు గుమ్మాలకి సరి.

మీ టేకు చెట్ల వయసు చెప్పలేదు. చుట్టుకొలత మూడడుగుల లోపుంటే నన్నడిగితే కొట్టొద్దు. లేత టేకులో చేవ, అంటే లోపలి గట్టి కర్ర, తక్కువ, చుట్టూ తెల్లచెక్కే ఎక్కువ. టేకు కదా చెద పట్టదు అనుకుంటారు. ఆ గుణం చేవకే గానీ తెల్లచెక్కకి లేదు. మా పలకల అంచుల్లో ఉన్న తెల్లచెక్క రెండేళ్ళకే పొడి రాల్చింది. లోపలి గోధుమరంగు భాగానికి ఏమీ కాలేదు.

పురుగు మందు గురించి కూడా చెబుతాను. బోరిక్ యాసిడ్ ఒక వంతు, బోరాక్స్ ఒకటిన్నర వంతు నీళ్ళలో కలిపి, పచ్చి పలకలకి కోసిన వెంటనే పూస్తే లోపలికి ఇంకుతుంది. ఎండిన తర్వాత పూస్తే పైపైనే ఉంటుంది. వానలో తడిసే చోట ఇది కొట్టుకుపోతుంది కాబట్టి లోపలి పనికే పనికొస్తుంది. పనసకి ఇలాగే చేశాం. మా ఇంట్లో అన్నిటికన్నా బాగా కుదిరింది ఆ పనసే. కోసినప్పుడు పసుపు ముద్దలా ఉంది, ఏడాదిలో తేనెరంగుకి తిరిగింది, ఇప్పుడు ముదురు గోధుమ. పూజగది తలుపులు దాంతోనే చేయించాం. సింహాచలం కొండ పనసపళ్ళ గురించి అందరూ చెబుతారు, కర్ర సంగతి ఎవరూ ఎత్తరు. మీ పనసని మాత్రం వంటచెరకు చేయకండి.

పేర్చడంలో నిర్లక్ష్యం వద్దు. నేల నుంచి అడుగున్నర ఎత్తులో సిమెంటు ఇటుకలు పెట్టి, పలకకీ పలకకీ మధ్య అంగుళం రీపు ముక్కలు, రెండడుగులకొకటి, పై నుంచి కింద దాకా ఒకే వరసలో రావాలి. వరస తప్పితే పలక అక్కడే వంగుతుంది. పైన బరువు పెట్టాలి. ఎండలో వద్దు, పాకలో గాలి ఆడే చోట. చివర్ల నుంచి నీరు తొందరగా పోయి నెర్రెలు వస్తాయి, అందుకే రెండు కొసలకీ పెయింటు పుయ్యాలి. మా మేస్త్రి పేడ పూయించాడు, అదీ బాగానే పనిచేసింది. దుంగ నడిమధ్య భాగం ఉన్న ముక్కని ద్వారబంధానికి వాడకండి, అది తప్పకుండా చీలుతుంది. కోసేటప్పుడే మిల్లు వాడితో మధ్య భాగం వేరు చేయమని చెప్పాలి. చెప్పకపోతే వాడికి సులువైన పద్ధతిలో కోసిపారేస్తాడు. కోత రోజున మీరు గానీ మీ వడ్రంగి గానీ అక్కడ నిలబడి ఉండాల్సిందే.

మిల్లుకి తీసుకెళ్ళే ముందు దుంగలో ఇనుము ఉందేమో చూసుకోండి. మా వేపకి చిన్నప్పుడు నాన్న ఉయ్యాల కోసం కొట్టిన ఇనప కొక్కెం ఉండేది. చెట్టు దాన్ని మింగేసింది, మేం మర్చిపోయాం. మిల్లు రంపం (బ్యాండ్ సా) బ్లేడు పళ్ళు ఊడిపోయాయి, బ్లేడు డబ్బు మాతోనే కట్టించుకున్నారు. న్యాయమే. దుంగ కోతలో ఎక్కడైనా నల్లటి నీలి మరక కనిపిస్తే లోపల మేకు ఉందని అనుమానించాలి. రోడ్డు పక్క చెట్లయితే బోర్డులు కొట్టిన మేకులు ఖాయం.

గాలికి పడిన చెట్టుతో ఇంకో చిక్కుంది. మా టేకు పలకల్లో ఒకటి చిత్రిక పడుతుంటే బిస్కెట్టులా అడ్డంగా విరిగింది. గాలి వంచినప్పుడు లోపల పోగులు నలిగి, పైకి కనబడని అడ్డగీత పడుతుంది. మీవి నిలబడి ఉన్న చెట్లు కాబట్టి ఈ బెంగ లేదు.

వీడియోలు చూసి చైన్ సాకి చట్రం బిగించి ఇంట్లోనే కోసుకోవచ్చా అని కింద ఇంకొకరు అడిగారు. కోయొచ్చు. కానీ చైన్ సా కోత మందం 8 మిల్లీమీటర్లు ఉంటుంది, బ్యాండ్ సాది రెండు మూడు. అంగుళం పలకలు కోస్తుంటే నాలుగో వంతు కర్ర పొట్టుగా నేల మీద పడుతుంది. మా వేపలాగా తొట్టిలోకి ఎక్కని దుంగని ఉన్నచోటే రెండు ముక్కలు చేయడానికి మాత్రం అది పనికొచ్చేది. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

అనుమతులు. సొంత జాగాలో చెట్టు కదా అని గొడ్డలి ఎత్తకండి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, కొట్టడానికి అనుమతి కావాలి. టేకు దుంగ రోడ్డెక్కాలంటే అటవీశాఖ పర్మిట్ కూడా కావాలి. సరుగుడు, నీలగిరి, సుబాబుల్ లాంటివాటికి సడలింపు ఉంది గానీ టేకుకి లేదు. పట్టాదారు పాస్‌బుక్, అడంగల్ కాపీలు పట్టుకుని రేంజి ఆఫీసుకి వెళ్ళండి. మాకు రెండు మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. ఒక ఆఫీసులో మనిషి తుఫాను చెట్లకి కూడా ఫొటోలు లేవని కొర్రీ వేశాడు. మీరు చెట్లు నిలబడి ఉండగానే ఫొటోలు తీసి పెట్టుకోండి. మిల్లు వాళ్ళు కూడా పర్మిట్ చూడకుండా టేకు కోయకూడదు. "కాగితాలెందుకండీ" అనే మిల్లు దగ్గర ఆగకండి.

భీమిలి వైపు కాబట్టి ఇంకో చిన్న మాట. సముద్రపు గాలికి మామూలు ఇనప మేకులు, పట్టీలు ఇట్టే తుప్పు పడతాయి. టేకులో అయితే వాటి చుట్టూ నల్ల మరక కూడా పాకుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు గానీ ఇత్తడివి గానీ వాడమనండి.

డబ్బు సంగతి. కూలి, క్రేను, ట్రాక్టరు, కోత, బ్లేడు, పర్మిట్ తిరుగుళ్ళు అన్నీ కలిపినా అదే కర్ర అడితిలో కొంటే అయ్యేదాంట్లో సగం కూడా కాలేదు. మెలి తిరిగిన సింహద్వారానికి తర్వాత చేయించిన మరమ్మతులు ఇందులో కలపలేదు, కలిపితే నాన్న ఒప్పుకోడు. పాడైన మామిడిని కూడా లెక్కలో వేయలేదు. ఆరు టేకులూ కొట్టాలా అంటే, ముందు చుట్టుకొలత తీసి ఇక్కడ పెట్టండి, ఏవి ఉంచాలో ఏవి కొట్టాలో చెబుతాను. కర్రలో తేమ చూసే పిన్నుల మీటరు ఒకటి నా దగ్గరుంది. మా గుమ్మం పాడయ్యాక కొన్నాను. ఆనందపురం వైపు వస్తే పట్టుకెళ్ళండి, పని అయ్యాక తెచ్చివ్వండి.