సాకెట్ ఒకటే అయితే సర్వర్‌లో కొత్త ప్రాసెసర్ పనిచేసేస్తుందా?

చిత్తూరులో మీ ఆఫీసు సర్వర్ డెల్ ఆర్730. అందులో ఉన్న రెండు జియాన్ ఈ5-2620 వీ3 ప్రాసెసర్లు తీసి, సెకండ్ హ్యాండ్‌లో దొరికిన ఈ5-2680 వీ4 జత వేయొచ్చా, సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఒకటేనట కదా అని అడిగారు. వేయొచ్చు. కానీ పాతవి ఊడదీయకముందే బయోస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయండి. ఈ ముక్క నాకు అప్పట్లో ఎవరైనా చెప్పుంటే ఒక రాత్రి నిద్ర మిగిలేది.

తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జికి సర్వర్ పని చూసేవాణ్ని. అచ్చం మీ మోడలే. చెన్నై రిచీ స్ట్రీట్‌లో వీ4 జత కొనుక్కొచ్చి, రాత్రి పది దాటాక సర్వర్ ఆపి, ప్రాసెసర్ల మీద వేడిని లాగే హీట్‌సింక్‌లు విప్పాను. ఆ రెండిటి మధ్య వేడి దాటడానికి పూసే పేస్టు, పాతది, ఎండి సున్నం పెచ్చుల్లా ఊడొచ్చింది. శుభ్రంగా తుడిచి, కొత్తవి కూర్చోబెట్టి ఆన్ చేస్తే ఫ్యాన్లు గుయ్యిమన్నాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ లేదు. శనివారం కావడంతో కౌంటర్ ముందు గుండ్లు గీయించుకున్న యాత్రికులు బ్యాగులతో బారులు తీరారు. వాళ్ల పేర్లన్నీ నోట్‌బుక్కులో చేత్తో రాసుకుంటూ ఓనరు "ఏం సామీ, ఇంకెంతసేపు?" అని పది నిమిషాలకోసారి అడుగుతున్నాడు.

జరిగింది ఇదీ. 'వీ' పక్కన అంకె ప్రాసెసర్ ఏ తరానిదో చెబుతుంది. వీ3 వచ్చింది 2014లో, వీ4 2016లో. రెండిటి సాకెట్టూ ఎల్‌జీఏ 2011-3. కానీ వీ4 రాకముందు తయారైన బయోస్‌కు అదేంటో తెలియదు. పైగా మామూలుగా బయోస్ అప్‌డేట్ చేయాలంటే ముందు సర్వర్ బూట్ అవ్వాలి. అంటే పాతవి మళ్లీ బిగించాలి, అప్‌డేట్ చేయాలి, మళ్లీ ఊడదీయాలి. నా దగ్గరున్న పేస్టు ట్యూబు ఒక్కటే, అది మొదటి విడతలోనే అయిపోయింది. రాత్రి పదకొండున్నరకు సర్వీస్ షాపు నడిపే స్నేహితుణ్ని నిద్ర లేపి ఇంకోటి తెచ్చుకున్నాను. మీరు రెండు ట్యూబులు దగ్గర పెట్టుకోండి.

ఇంకో సంగతి, ఈ సాకెట్లలో పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, బోర్డుకు ఉంటాయి. పాతది తీశాక మొబైల్ టార్చ్ పక్కనుంచి కొట్టి చూడండి. వరుసలన్నీ ఒకేలా మెరవాలి, ఎక్కడైనా మెరుపు తేడాగా కనిపిస్తే అక్కడ పిన్ను వంగినట్టు.

కొనేటప్పుడు 'వీ' పక్కన అంకె చూసుకోండి. వీ2 చవగ్గా దొరుకుతుంది. దాని పిన్నుల లెక్కా 2011 అయినా మీ బోర్డులో కూర్చోదు, అది డీడీఆర్3 అనే పాత రకం ర్యామ్ కాలం సరుకు. ప్రాసెసర్ లోహపు మూత మీద కోడ్ ఫొటో కూడా అడగండి. ఎస్ఆర్‌తో మొదలైతే మామూలు సరుకు. క్యూతో మొదలైతే ఇంజినీరింగ్ శాంపిల్ (అమ్మకానికి ముందు పరీక్షల కోసం చేసినది), ఎంత తక్కువకు ఇస్తానన్నా వద్దు. రెండూ ఒకే మోడల్ ఉండాలి.

వేడి సంగతి. 2620 వీ3 85 వాట్లది, 2680 వీ4 120 వాట్లది. రెండిటికీ కలిపి 70 వాట్లు పెరుగుతుంది. పవర్ సప్లై 495 వాట్లదైతే, డిస్కులూ కార్డులూ కలిపి లెక్క వేసుకోండి. 120 వాట్లకు ఏ హీట్‌సింక్ వాడాలో మాన్యువల్‌లో ఉంటుంది. ఆ సర్వర్‌కు మామూలుగా చెప్పిన గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపు. మే నెలలో మన ఊళ్లలో ఏసీ ఆగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ర్యామ్ డీడీఆర్4 కాబట్టి అదే వాడొచ్చు.

చివరికి నాకు అసలు దెబ్బ తగిలింది హార్డ్‌వేర్‌లో కాదు. విండోస్ సర్వర్ 2016 నుంచి లైసెన్స్ కోర్ల (ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాల) లెక్కన, సర్వర్‌కు కనీసం 16 కోర్లకు కొనాలి. పాత జతకు 12 కోర్లే కాబట్టి ఆ కనీసంతో సరిపోయింది. కొత్త జతకు 28. అంటే ఇంకో 12 కోర్లకు కొనాలి. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా కోర్ల లెక్కన తీసుకుని ఉంటే దాని సంగతీ చూసుకోండి. ఆ బిల్లు తీసుకెళ్లి ఇస్తే ఓనరు కళ్లజోడు పైకి తోసి, ప్రాసెసర్ల బిల్లు పక్కన పెట్టి చూసి, "గుర్రం కంటే జీను ఎక్కువైందే సామీ" అన్నాడు.