ఇంట్లో కాన్పు, 26 రోజులైంది – రిజిస్ట్రేషన్ ఎక్కడ?

మీ చెల్లెలు విజయవాడలో మీ ఇంట్లోనే ప్రసవించింది, అత్తవారిది తెనాలి దగ్గర పల్లె, ఎక్కడ నమోదు చేయించాలి అన్నారు కదండీ. పుట్టిన చోటే, అంటే విజయవాడలోనే. పల్లెలో పంచాయతీ కార్యదర్శిని అడిగి లాభం లేదు.

గడువు 21 రోజులు, అది దాటిపోయింది. అయినా 30 రోజుల లోపు జనన మరణాల రిజిస్ట్రారే ఆలస్య రుసుము కట్టించుకుని రాసేస్తారు. 30 దాటితే పై అధికారి రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. కాబట్టి రేపే వెళ్లండి.

ఇంటి కాన్పుకు ఆస్పత్రి రిపోర్టు ఉండదు. ఫారం 1 (జననం తెలియజేసే ఫారం) మీద ఇంటి పెద్ద సంతకం పెట్టాలి. తల్లిదండ్రుల ఆధార్లు, తల్లీబిడ్డల కార్డు తీసుకెళ్లండి. మీ ఏరియా ఆశా కార్యకర్త లేదా ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య నర్సు)తో కాన్పు ఇంట్లోనే అయిందని రాయించుకుంటే పని తేలిక. చాలాసార్లు ఫైలు ఆగేది అక్కడే.

బారసాల కాలేదని ఆగకండి, పేరు గడి ఖాళీగా వదిలేయొచ్చు. ఏడాదిలోపు ఉచితంగా చేరుస్తారు. తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగు మాత్రం ఆధార్‌లో ఉన్నట్టే పడిందో లేదో ప్రింటుకు ముందే చూసుకోండి, తర్వాత దిద్దించడం పెద్ద తలనొప్పి.

అన్నట్టు, బిడ్డకు బీసీజీ (క్షయ రాకుండా వేసే టీకా) వేయించారా? ఏడాదిలోపు వేస్తారు, ఏఎన్ఎంనే అడగండి.