స్పేస్‌షిప్ ఎర్త్ రైడ్ పాతబడిపోయిందంటున్నారు, పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకెళ్లొచ్చా?

తప్పకుండా తీసుకెళ్లండి. పదేళ్ల పాపతోనూ, ఇండియా నుంచి వచ్చిన అత్తగారు, మామగారితోనూ ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు ఎప్‌కాట్‌కి వెళ్తున్నామన్నారు. 1982 నాటి రైడ్‌లో ఇప్పుడు చూడటానికి ఏం మిగిలిందని అడిగారు. నేను తొంభైల చివర్లో ఉద్యోగానికి అమెరికా వచ్చాను. అప్పటి నుంచి స్నేహితులతో, తర్వాత పిల్లలతో, ఆ తర్వాత అమ్మానాన్నలతో ఆ రైడ్ ఎక్కుతూనే ఉన్నాను. ఇన్నేళ్లు చూశాక నాకు అర్థమైంది ఇదీ: గతాన్ని చూపించే భాగానికి వయసు మీద పడలేదు. భవిష్యత్తును చూపించే భాగమే మార్చిన ప్రతిసారీ కొన్నేళ్లకే పాతబడుతోంది.

ముందు ఆ రైడ్ సంగతి కాస్త చెప్తాను. ఎప్‌కాట్ 1982 అక్టోబర్ 1న తెరిచారు. ఈ రైడ్ కూడా అదే రోజున మొదలైంది. పార్కు గేటు దాటగానే కనిపించే 180 అడుగుల వెండి గోళం లోపలే ఇది నడుస్తుంది. గోళం పైన 11,000కు పైగా త్రికోణపు పలకలు ఉంటాయి. వాటి మధ్య సందుల్లోంచి వాననీరు లోపలి కాలువల్లోకి దిగి, పార్కు వెనక ఉన్న చెరువులోకి పోతుంది. అందుకే ఫ్లోరిడా వానల్లో కూడా కింద నిలబడినవాళ్ల మీద నీళ్లు ధారకట్టవు. త్రికోణాలతో గుమ్మటాలు కట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ భూమిని అంతరిక్ష నౌకతో పోల్చేవాడు. రైడ్ పేరు కూడా అక్కడిదే. మొదటి కథను అల్లడంలో రచయిత రే బ్రాడ్‌బరీ చేయి ఉంది. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం, తెలిసింది రాసి దాచుకోవడం గుహల కాలం నుంచి కంప్యూటర్ల దాకా ఎలా నడిచిందన్నదే కథ.

నీలం రంగు బండ్లు పూసల దండలా ఒకదాని వెనక ఒకటి ఆగకుండా కదులుతుంటాయి. ఒక్కో బండిలో రెండు వరసలు, వరసకి ఇద్దరు. ఎక్కేచోట నేల కూడా బండితో పాటే కదులుతుంది కాబట్టి పెద్దవాళ్లు కంగారు పడక్కర్లేదు. ఎవరికైనా ఎక్కడానికి సమయం పడుతుందంటే పనివాళ్లు మొత్తం వరసనే నెమ్మది చేస్తారు, అవసరమైతే ఆపుతారు. లోపల చీకట్లో బండి ఉన్నట్టుండి ఆగితే భయపడొద్దని ముందే చెప్పి తీసుకెళ్లండి. చాలాసార్లు కారణం ఇదే.

ఇక అసలు విషయం. మా అమ్మానాన్నలకి ఇంగ్లిష్ అంతంతమాత్రం. బండిలో ఉన్న తెరమీద భాష ఎంచుకోవచ్చు కానీ ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్, పోర్చుగీసు ఉన్నాయి, తెలుగు లేదు. నేను పక్కన కూర్చుని చెవిలో చెప్తూ వెళ్దామనుకున్నాను. పైకి ఎక్కే దారిలో ఆ అవసరం పెద్దగా పడలేదు. గుహలో ఆదిమానవులు, గోడల మీద జంతువుల బొమ్మలు. తర్వాత ఈజిప్టులో పాపిరస్ అనే రెల్లుని దంచి కాగితంలా చేస్తున్న మనిషి. దాన్ని చూడగానే అమ్మ, "మన తాటాకుల్లాంటిదే కదరా" అంది. సముద్ర వ్యాపారులైన ఫినీషియన్ల పడవలు, గ్రీసు, రోము రోడ్లు వరసగా వస్తాయి. ఆ తర్వాత రోము తగలబడిన చోట కట్టె కాలిన పొగ వాసన నిజంగానే ముక్కుకి తగులుతుంది. ఆ వాసనంటే ఈ రైడ్ అభిమానులకి ప్రాణం. నాన్న నా చెయ్యి పట్టుకుని, "పుస్తకాలన్నీ పోయాయా?" అని అడిగారు. ఒక్క ఇంగ్లిష్ ముక్క అర్థం కాకుండానే ఆయన అడగాల్సిన ప్రశ్న అడిగారు. రైడ్ చెప్పదలచుకున్నదీ అదే.

పక్క మలుపులోనే జవాబు ఉంటుంది. అరబ్బు, యూదు పండితులు పుస్తకాలు ముందేసుకుని కూర్చుని ఉంటారు. కాలిపోయిందనుకున్న విద్య వీళ్ల గ్రంథాలయాల్లో బతికి ఉందని, ప్రపంచంలో మొదటి బ్యాకప్ అదేనని వ్యాఖ్యానంలో వస్తుంది. ఆ తర్వాత మఠంలో చేత్తో పుస్తకాలు రాస్తున్న సన్యాసులు. వాళ్లలో ఒకాయన రాస్తూ రాస్తూ నిద్రపోయి ఉంటాడు, మీ పాపకి తప్పకుండా చూపించండి. గూటెన్‌బర్గ్ అచ్చుయంత్రం దగ్గర నిలబడి కాగితాన్ని పరీక్షగా చూస్తుంటాడు. తల పైకెత్తితే పరంజా మీద పడుకుని మైకెలాంజెలో రంగులు వేస్తుంటాడు. ఈ దృశ్యాల్లో చాలా వరకు 1982 నుంచి ఉన్నవే. లైట్లు మారాయి, దుస్తులు మారాయి, సంగీతం మారింది. గ్రీసులో మొదట నాటకరంగం ఉండేది, ఇప్పుడు దాని బదులు గణితం చెప్పే గురువు, శిష్యులు ఉన్నారు. ఎముకలగూడు మాత్రం అదే.

ఇక్కడ మన పిల్లలకి మనం చెప్పాల్సింది ఒకటుంది. ఈ కథ ఈజిప్టు నుంచి గ్రీసు, రోము మీదుగా యూరప్‌కి, అక్కణ్ణుంచి అమెరికాకి నడుస్తుంది. భారతదేశం ఇందులో లేదు. కాగితం కనిపెట్టిన చైనా గానీ, గూటెన్‌బర్గ్ కంటే ముందే లోహపు అక్షరాలతో పుస్తకాలు అచ్చేసిన కొరియా గానీ లేవు. నేనైతే ఆ అరబ్బు పండితుల దృశ్యం దగ్గర మా పిల్లలకి బ్రహ్మగుప్తుడి గురించి చెప్తాను. 628లో ఆయన సున్నాతో లెక్కలు చేసే నియమాలు రాశాడు. ఆ తర్వాతి శతాబ్దంలో ఆ విద్య బాగ్దాద్ చేరింది. అక్కడి గణితవేత్త అల్-ఖ్వారిజ్మీ మన అంకెల గురించి అరబ్బీలో రాశాడు, అవే అంకెలు నెమ్మదిగా యూరప్‌కి వెళ్లాయి. రైడ్‌లో ఈ మాట లేకపోయినా అది చెప్పడానికి ఇంతకంటే సరైన చోటు నాకు తెలిసి లేదు. మీ మామగారు పక్కనుంటే ఆయన్నే చెప్పమనండి, తాతయ్య చెప్తే పిల్లలు ఇంకా శ్రద్ధగా వింటారు.

వ్యాఖ్యానం చెప్పిన గొంతులు నాలుగు. మొదట ఒక నటుడు, 1986 నుంచి అమెరికా టీవీ వార్తల్లో పెద్దాయనగా పేరున్న వాల్టర్ క్రాంకైట్, 1994 నుంచి నటుడు జెరెమీ ఐరన్స్. 2007లో రైడ్ మూసి మార్పులు చేశాక 2008 నుంచి ఇప్పటిదాకా నటి జూడీ డెంచ్. నేను మొదటిసారి విన్నది జెరెమీ ఐరన్స్ గొంతు. దాని గాంభీర్యం ఇప్పటికీ నాకు ఇష్టం. జూడీ డెంచ్ చెప్పేది ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని చెప్తున్నట్టు ఉంటుంది, పిల్లలకి అది తేలిగ్గా ఎక్కుతుంది.

అసలైన మార్పులన్నీ కథ చివరి భాగంలో జరిగాయి. దానికి కారణం డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే తెలుస్తుంది. తెరిచినప్పుడు స్పాన్సర్ బెల్ సిస్టమ్, అంటే అమెరికా టెలిఫోన్ వ్యవస్థ దాదాపు మొత్తం. 1984లో అది ముక్కలయ్యాక టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ 2003 వరకు కొనసాగింది. కాబట్టి కథ ముగింపు తీగల మీద, నెట్‌వర్కుల మీద, దూరాలు చెరిగిపోవడం మీద ఉండేది. 2005లో జర్మన్ కంపెనీ సీమెన్స్ వచ్చింది. ఆ తర్వాత ముగింపు మన ఇల్లు, ఆరోగ్యం, పని రేపు ఎలా ఉంటాయన్న దాని మీదకి మళ్లింది. 2017లో సీమెన్స్ కూడా వెళ్లిపోయింది. గుహమానవుడికీ, గూటెన్‌బర్గ్‌కీ ఈ కంపెనీలతో పని లేదు, వాళ్లని ఎవరూ కదిలించలేదు.

తొంభైల చివర్లో నేను చూసినప్పుడు గోళం పైభాగానికి దగ్గర్లో ఒక దృశ్యం ఉండేది. అమెరికాలో ఒక కుర్రాడు, జపాన్‌లో ఒక అమ్మాయి ఎవరి గదిలో వాళ్లు కూర్చుని కంప్యూటర్ల ద్వారా మాట్లాడుకుంటుంటారు. అప్పట్లో మేము ఇండియాకి ఫోన్ చేయాలంటే కిరాణా కొట్లో కాలింగ్ కార్డు కొనుక్కునేవాళ్లం. వెనక ఉన్న అంకెలు గీకి, పొడుగాటి నంబరు నొక్కి, ఎన్ని నిమిషాలు మిగిలాయో ఆ యంత్రం గొంతు చెప్తుంటే గబగబా మాట్లాడేవాళ్లం. అమ్మ ముఖం చూడటమన్నది ఊహకే అందేది కాదు. ఆ ఇద్దరు పిల్లల్ని చూసి నాకు నిజంగా కళ్లు చెమ్మగిల్లాయి. 2008 నాటికి మేము స్కైప్‌లో అమ్మ వంటిల్లు చూస్తున్నాం. ఆ దృశ్యం చెప్పింది అక్షరాలా నిజమైంది, ఇక ఎవరికీ అది వింతగా అనిపించే వీల్లేదు. ఆ మార్పుల్లో దాన్ని తీసేశారు. ఇప్పుడు ఆ వైపు మనుషులు చంద్రుడి మీద దిగడాన్ని టీవీలో చూస్తున్న కుటుంబం, గదినిండా పెద్ద పెద్ద కంప్యూటర్లు, ఆ తర్వాత కాలిఫోర్నియాలో ఒక గ్యారేజీలో ఇంటి కంప్యూటర్ తయారుచేస్తున్న యువకుడు ఉంటారు. అతను ఆపిల్ కంపెనీ స్థాపకుల్లో ఒకడైన స్టీవ్ వాజ్నియాక్ అని చాలామంది అనుకుంటారు. ఈ మూడూ గతమే. అందుకే ఇన్నేళ్లయినా బాగానే నిలబడ్డాయి.

ఆ తర్వాత శిఖరం. చుట్టూ నక్షత్రాలు, ఎదురుగా భూమి. అక్కడ మా అమ్మ చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. రైడ్ మొత్తంలో నాకు అన్నింటికంటే నచ్చే చోటు అది, అక్కడ మాత్రం పిల్లలకి ఏమీ వివరించకండి.

అక్కణ్ణుంచి దిగడం మొదలవుతుంది. దిగే దారి ఏటవాలుగా, ఇరుకుగా ఉంటుంది. ముఖం ముందుకు పెట్టుకుని దిగితే సీట్లోంచి జారిపోతాం కాబట్టి బండ్లను వెనక్కి తిప్పేస్తారు. పెద్ద దృశ్యాలు కట్టే చోటు అక్కడ లేదు. 1982 నుంచి ఈ రైడ్‌కి ఉన్న కష్టం ఇదే: కథలో భవిష్యత్తు రావాల్సిన చోట చూపించడానికి జాగా ఉండదు. ఒక్కో తరం ఒక్కోలా దాన్ని నింపడానికి చూసింది. 2008లో చేసింది ఏమిటంటే, బండిలోని తెర మనల్ని ప్రశ్నలు అడుగుతుంది. ఎలాంటి ఇంట్లో ఉండాలనుకుంటున్నావు, ఎలా పనిచేయాలనుకుంటున్నావు అని. మన జవాబులను బట్టి, పైకి ఎక్కేటప్పుడు తీసిన మన ఫోటోలోని ముఖాన్ని ఒక కార్టూన్ బొమ్మకి తగిలించి చిన్న కథ చూపిస్తుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు. అమ్మానాన్నలు మాత్రం ఆ కొద్ది నిమిషాలూ ఏం నొక్కాలో తెలియక నా వైపు చూస్తూ ఉండిపోయారు.

నా బాధ కూడా అదే. వేల ఏళ్ల మానవజాతి కథను మనుషులంతా కలిసి చూశాక, చివరికి ఎవరి తెర వాళ్లు చూసుకోవడంగా ముగుస్తుంది. 2008లో వేలితో తాకితే పనిచేసే తెర కొత్త సంగతి. ఇప్పుడు జేబులో ఉన్న ఫోన్ దానికంటే ఎంతో మెరుగ్గా చేస్తుంది. రెండు వేల ఏళ్ల నాటి రోముకి లేని ముసలితనం ఆ తెరకి వచ్చేసింది.

2019లో డిస్నీ దీన్ని పెద్ద ఎత్తున మారుస్తామని ప్రకటించింది. 2020 మే నెలలో మూసి, చాలాకాలం పనులు చేయాలనుకున్నారు. మార్చిలో కరోనాతో పార్కులే మూతపడ్డాయి, జూలైలో తెరిచినప్పుడు రైడ్ ఉన్నది ఉన్నట్టుగానే తిరిగి నడిచింది. పనులు పక్కన పెట్టేశారు. 2021లో గోళం బయట కొత్త దీపాలు మాత్రం వచ్చాయి, సాయంత్రం చూడదగ్గవి. ఎప్‌కాట్‌లో దీని తోటివి చాలావరకు పోయాయి. రవాణా కథ చెప్పే రైడ్ 1996లో, భవిష్యత్తు జీవితాన్ని చూపించే హొరైజన్స్ 1999లో, ఇంధనాల కథ చెప్పేది 2017లో మూసేశారు. వాటి చోట్లోకి వేగంగా తిరిగే రైడ్లు వచ్చాయి. అవీ ఉండాల్సినవే, మా అబ్బాయికి అవే ప్రాణం. కానీ చదువుకోని ఒక రైతు తన మనవడి పక్కన కూర్చుని అక్షరం ఎలా పుట్టిందో కళ్లారా చూసే చోటు ఇంకొకటి చూపించమంటే నేను చూపించలేను. పైకి ఎక్కే దారిని ముట్టుకోకుండా, దిగే దారిని మాత్రం మళ్లీ ఆలోచించాలని నా కోరిక. అక్కడ తెరలు తీసేసి, చీకటి, నక్షత్రాలు, సంగీతం ఉంచినా చాలు.

మీకు పనికొచ్చే నాలుగు మాటలు. గోళం గేటు దగ్గరే ఉంటుంది కాబట్టి ఉదయం వచ్చినవాళ్లంతా ముందు దీని వరసలోనే నిలబడతారు. మీరు సాయంత్రం రండి. ఎత్తు నిబంధన లేదు, చంటిపిల్లలైనా ఎక్కొచ్చు. మీ అత్తగారికి చక్రాల కుర్చీ తీసుకుంటే, అందులోంచి లేచి బండి సీట్లోకి మారాల్సి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. పైకి ఎక్కేటప్పుడు వీపు వెనక్కి వాలుతుంది, మెడనొప్పి ఉన్నవాళ్లని తల సీటుకి ఆనించి కూర్చోమనండి. పాపని తాతయ్య పక్కన కూర్చోబెట్టి, మీరు వెనక వరసలో కూర్చోండి. దిగాక ఓపిక ఉంటే లివింగ్ విత్ ది ల్యాండ్ అనే పడవ రైడ్‌కి కూడా వెళ్లండి. అదీ 1982 నాటిదే, చివర్లో పడవ నిజమైన పంటలు పండిస్తున్న గాజు ఇళ్లలోంచి వెళ్తుంది. మట్టి లేకుండా కాసిన కూరగాయలను చూసి మా నాన్న అడిగిన ప్రశ్నలకి నా దగ్గర జవాబుల్లేవు, మీ మామగారికి వ్యవసాయం తెలిస్తే మీరు ముందే కాస్త చదువుకుని వెళ్లండి.