కోణం కావాలంటే ముందు ఏట్యాన్2 వైపు చూడు

తమ్ముడూ,

నువ్వు పంపిన జావాస్క్రిప్ట్ కోడ్ చూశాను. మౌస్ ఎటు వెళ్తే బాణం అటు తిరగాలి. కుడివైపు బాగానే తిరుగుతోంది, ఎడమవైపు వెళ్తే మాత్రం సరిగ్గా ఎదురు దిక్కు చూపిస్తోంది, అంతే కదా? నీ లెక్క తప్పు కాదు, అడగాల్సిన ఫంక్షన్‌ని అడగలేదు.

బాణం నుంచి మౌస్ ఎంత పక్కకు ఉందో అది ఎక్స్, ఎంత కిందికి ఉందో అది వై. నువ్వు వైని ఎక్స్‌తో భాగించి, ఆ భాగఫలం నుంచి కోణం చెప్పే మ్యాథ్.ఏట్యాన్ (Math.atan) ఫంక్షన్‌కి ఇస్తున్నావు. భాగించగానే ప్లస్‌లూ మైనస్‌లూ కలిసిపోతాయి. (1, 1) ఇచ్చినా (-1, -1) ఇచ్చినా వచ్చేది 1 కాబట్టి రెండింటికీ 45 డిగ్రీలే చెబుతుంది, పాపం దానికి ఎక్స్, వై గీతలు విడదీసే నాలుగు పాదాల్లో ఎందులో ఉన్నావో ఎలా తెలుస్తుంది? మ్యాథ్.ఏట్యాన్2 (Math.atan2) అయితే రెండు విలువలూ విడివిడిగా తీసుకుంటుంది, రెండో బిందువుకి -135 డిగ్రీలకు సమానమైన జవాబు ఇస్తుంది, ఎక్స్ సున్నా అయినా కంగారుపడదు. వై ముందు, ఎక్స్ తర్వాత ఇవ్వాలి, చాలామంది తడబడేది ఇక్కడే.

జవాబు రేడియన్లలో వస్తుంది (అది కోణానికి మరో కొలత, π రేడియన్లు అంటే 180 డిగ్రీలు). దాన్ని డిగ్రీల్లోకి మార్చాలని టెన్షన్ పడకు, పేజీలో బొమ్మను తిప్పే సీఎస్ఎస్ రొటేట్ రేడియన్లు కూడా తీసుకుంటుంది. స్క్రీన్ మీద వై కిందికి పెరుగుతుంది, రొటేట్ కూడా గడియారం ముల్లు దిశలోనే తిప్పుతుంది కాబట్టి గుర్తు మార్చే పని కూడా లేదు. నీ బాణం బొమ్మ పైకి చూస్తూ ఉంటే మాత్రం 90 డిగ్రీలు కలుపు. మనుషులకు చూపించేటప్పుడు 180తో హెచ్చించి π (పై)తో భాగించి, రౌండ్ చేసి చూపించు, లేదంటే సైన్ విలువ నుంచి కోణం చెప్పే ఏసైన్(0.5)కి 30 బదులు 30.000000000000004 అని కనిపిస్తుంది.

ఇక రెండు వెక్టర్ల (దిక్కూ పొడవూ ఉన్న బాణాల్లాంటివి) మధ్య కోణానికి నువ్వు రాసిన ఏకాస్, అంటే కొసైన్ విలువ నుంచి కోణం చెప్పే ఫంక్షన్. అది నాకు అస్సలు నచ్చదు. రెండూ ఒకే దిక్కులో ఉన్నప్పుడు డాట్ ప్రొడక్ట్‌ని (ఎక్స్‌లను ఎక్స్‌లతో, వైలను వైలతో హెచ్చించి కూడితే వచ్చేది) పొడవులతో భాగిస్తే ఒక్కోసారి 1.0000000000000002 వస్తుంది, అప్పుడు ఏకాస్ నాన్ (NaN, అంటే ‘ఇది సంఖ్య కాదు’) ఇస్తుంది, ఎర్రర్ ఏదీ రాదు, ఆ తర్వాత లెక్కలన్నీ చప్పుడు లేకుండా నాన్ అయిపోతాయి, నువ్వేమో ఇంకెక్కడో వెతుకుతుంటావు. మ్యాథ్.మిన్, మ్యాథ్.మ్యాక్స్‌లతో విలువను -1, 1 మధ్య బిగించి ఇస్తే నాన్ బెడద పోతుంది. కానీ చిన్న కోణాల సంగతి అలాగే ఉండిపోతుంది: కోణం రేడియన్‌లో వంద కోట్లో వంతు ఉంటే దాని కొసైన్ కంప్యూటర్‌లో సరిగ్గా 1 అయిపోతుంది, ఏకాస్ సున్నా అంటుంది. అందుకే క్రాస్ ప్రొడక్ట్‌ని (మొదటిదాని ఎక్స్, రెండోదాని వైల లబ్ధంలోంచి మొదటిదాని వై, రెండోదాని ఎక్స్‌ల లబ్ధం తీసేస్తే వచ్చేది) ముందు, డాట్ ప్రొడక్ట్‌ని తర్వాత పెట్టి ఏట్యాన్2కే ఇచ్చెయ్యి. పొడవులతో భాగించే పనే ఉండదు, పైగా ఎటువైపు తిరగాలో గుర్తుతో సహా చెబుతుంది.

ఆర్క్ సీకెంట్ (సీకెంట్ విలువ నుంచి కోణం చెప్పేది) లాంటివి వెతక్కు, జావాస్క్రిప్ట్‌లో లేవు. 1ని ఎక్స్‌తో భాగించి ఏకాస్‌కి ఇస్తే చాలు.

ఇంకొకటి, ఏట్యాన్2 జవాబు డిగ్రీల్లో చూస్తే -180 నుంచి 180 లోపే ఉంటుంది. మౌస్ ఎడమవైపు గీత దాటగానే 179 కాస్తా -179 అవుతుంది, యానిమేషన్ ఉంటే బాణం గిర్రున 358 డిగ్రీలు తిరిగొస్తుంది. కొత్త కోణంలోంచి పాతది తీసెయ్యి, ఆ తేడాకి సైన్, కొసైన్ కట్టి మళ్లీ ఏట్యాన్2కి ఇస్తే దగ్గరి దారి దొరుకుతుంది. దాన్ని పాత కోణానికి కలిపి తిప్పు, మొత్తం 180 దాటినా దాటనీ, మళ్లీ కుదించకు.