ఉద్యోగం మానకు, వివరించడం మానెయ్

తమ్ముడూ,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన మూడు కథలు, ఆ ఎక్సెల్ షీటు అన్నీ చూశాను. షీటు చూస్తే నవ్వొచ్చింది, ఏమనుకోకు. తెల్లారి ఐదు నుంచి ఆరున్నర దాకా నవల, రాత్రి పది దాటాక కథలు, ఆదివారం దిద్దుకోవడం, పైగా రోజుకి ఎన్ని పదాలయ్యాయో లెక్కగట్టే ఫార్ములా ఒకటి. ఇంజనీరింగ్ పాఠాలు చెప్పేవాళ్లం ఏ కష్టమొచ్చినా ముందు పట్టిక గీస్తాం. మొదటి మిడ్ పరీక్షల వారం రాగానే అది ఎలాగూ కూలిపోతుంది, అప్పుడిక కథ రాయలేదన్న బాధ పోయి గళ్లు ఎర్రబడ్డాయన్న బాధ పట్టుకుంటుంది.

ఉద్యోగం మానెయ్యమంటారా అని అడిగావు. వద్దు. నెలనెలా జీతం వచ్చే రచయితకి ఒక పెద్ద సుఖం ఉంది, నచ్చని కథని చించి పారెయ్యొచ్చు. దాన్ని ఎవరికో అమ్మి ఇల్లు గడపాల్సిన పని లేదు. ఈ స్వేచ్ఛ ఎంత విలువైందో, రాతే బతుకుతెరువైన వాళ్లని అడిగితే చెబుతారు.

టైమ్ చాలడం లేదని ఉత్తరం పొడుగునా మొత్తుకున్నావు. చాలదు, నిజమే. క్లాసులు, ల్యాబులు, ప్రాజెక్టు బ్యాచ్‌లు, అక్రెడిటేషన్ ఫైళ్లు, అవి చాలవన్నట్టు ఏదో కమిటీలో నీ పేరు. కానీ నీ కథలు చదివాక నాకు అర్థమైంది ఏంటంటే నీ అసలు ఇబ్బంది టైమ్ కాదు. రేపు నీకు ఏడాది సెలవిచ్చి ఒక గదిలో కూర్చోబెట్టినా నువ్వు ఇవే కథలు, ఇలాగే రాస్తావు. ఎందుకంటే రాసేటప్పుడు కూడా నువ్వు పాఠమే చెబుతున్నావు.

రెండో కథ తీసుకో. రేపు రిటైరవబోతున్న ల్యాబ్ అటెండర్, అందరూ వెళ్లిపోయాక పాత లేత్ బెడ్‌ని కాటన్ వేస్ట్‌తో తుడిచి, నూనె రాసి, స్విచ్చులన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకుని తాళం వేస్తాడు. చాలా బాగుంది, అక్కడ నిజంగా ఆగిపోయాను. వెంటనే కింది పేరాలో, ఇన్నేళ్లు తనతో ఉన్న యంత్రం మీద ఆయనకున్న మమకారం ఎలాంటిదో ఆరు వాక్యాల్లో రాశావు. నాకది తెలిసిపోయింది కదా! తుడవడంలోనే తెలిసిపోయింది. అక్కడ నువ్వు రచయితవి కావు, వెనక బెంచీలో ఎవరికైనా అర్థం కాలేదేమో అని భయపడే మాస్టారివి.

ఆ భయం క్లాసులో చాలా మంచిది. మోర్స్ సర్కిల్ లాంటి చిక్కు పాఠం చెప్పినప్పుడు ఒక్క పిల్లాడి మొహం అయోమయంగా ఉన్నా ఇంకోలా చెబుతాం, బొమ్మ గీసి చెబుతాం, గంట కొట్టే ముందు మొత్తం మళ్లీ ఒకసారి చెబుతాం. అలా చెప్పకపోతే మనం జీతానికి న్యాయం చెయ్యనట్టే. కథ చదివేవాడికి మాత్రం రేపు పరీక్ష లేదు. కాస్త తికమకపడే హక్కు, తప్పుగా అర్థం చేసుకునే హక్కు కూడా వాడికి ఉన్నాయి. కాబట్టి ముందు ఒక పని చెయ్యి. మూడు కథల్లోనూ ప్రతి పేరా చివరి వాక్యం మీద గీత కొట్టి చదువు. కొన్నిచోట్ల అవసరమైనదే పోయిందనిపిస్తుంది, దాన్ని తిరిగి పెట్టుకో. చాలాచోట్ల ఏమీ పోలేదనిపిస్తుంది, చూడు.

అందుకే క్లాసు నుంచి నేరుగా వచ్చి కథ ముందు కూర్చోవద్దంటాను. గొంతింకా పాఠంలోనే ఉంటుంది. మధ్యలో నడువు, బట్టలు ఉతుకు, ఎవరితోనైనా ఊరికే కబుర్లాడు. ఏదో ఒకటి చెయ్యి, ఎవరికీ ఏమీ నేర్పక్కర్లేని పనైతే చాలు.

ఇక టైమ్ సంగతి. రోజుకిన్ని పదాలు అనే లెక్క మన వృత్తికి పనికిరాదు, మనకి నడిచేది సెమిస్టర్ లెక్క. మొదటి డ్రాఫ్టుకి పొడుగాటి, అంతరాయం లేని పూటలు కావాలి, అవి దొరికేది సెలవుల్లోనే. దిద్దడానికి అన్ని గంటలు అక్కర్లేదు, రెండు క్లాసుల మధ్య నలభై నిమిషాల్లో ఒక పేజీని శుభ్రంగా బాగుచెయ్యొచ్చు, పైగా అలా తెంపులు తెంపులుగా చూస్తేనే తప్పులు కనిపిస్తాయి. నువ్వు సరిగ్గా దీన్ని తిరగేసి, సెమిస్టర్ మధ్యలో నవల మొదలుపెట్టి సెలవుల్లో దిద్దుతానంటున్నావు. ఇన్విజిలేషన్‌లో రాయలేవు, ఫోన్ చూడలేవు, కానీ మూడు గంటలపాటు అంతమంది మనుషులు నువ్వు చూస్తున్నావని మర్చిపోయి కూర్చునే చోటు ఇంకెక్కడుంది? వాళ్ల చేతులు చూడు. పేపర్లు దిద్దే రోజుల్లో మాత్రం కథ జోలికి పోకు. ఒకే జవాబు వందసార్లు చదివిన బుర్రలో మంచి వాక్యం పుట్టదు, ఆ రోజుల్లో కవిత్వం చదువుకో.

మన చదువు కథకి ఎందుకూ పనికిరాదని వాపోయావు, అది మాత్రం ఒప్పుకోను. 1954లో కామెట్ జెట్ విమానాలు గాల్లోనే విరిగిపోయినప్పుడు ఏం చేశారో నువ్వూ క్లాసులో చెప్పే ఉంటావు. ఒక విమానం బాడీని నీళ్ల ట్యాంకులో పెట్టి, లోపలి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ వేల సార్లు పరీక్షించారు. చివరికి పగులు మొదలైంది ఎక్కడో కాదు, కిటికీలాంటి కోతల మూలల దగ్గర. పెద్ద దెబ్బేదీ తగల్లేదు, మామూలు భారమే మళ్లీ మళ్లీ పడి లోహం అలిసిపోయింది, మెటల్ ఫెటీగ్ అంటాం కదా, అదే. నీ డ్రాఫ్టు చెడిపోయినప్పుడు అలా వెతుకు. కథ కూలిన పేజీ వేరు, పగులు మొదలైన పేజీ వేరు, ఆ రెండోది చాలా ముందే ఉంటుంది. నీ మూడో కథ ముగింపులో చెడిందని నువ్వు అనుకుంటున్నావు, అది చెడింది రెండో పేజీలో, అన్నగారు ఏ కారణం లేకుండా ఇల్లు రాసిచ్చేసిన చోట. ఈ చూపు మనకి వృత్తి ఇచ్చింది, వాడుకో. కానీ దయచేసి మొగుడూ పెళ్లాల గొడవలోకి మెటల్ ఫెటీగ్‌ని మాత్రం ఉపమానంగా తీసుకురాకు. ఇంజనీర్లు కథలు రాస్తే మొదట చేసే పని అదే, చప్పట్లు కూడా పడతాయి, అందుకే ప్రమాదం.

జమ్యాతిన్ అని రష్యన్ రచయిత, 1908లో నేవల్ ఇంజనీరుగా పట్టా పుచ్చుకుని, తను చదివిన పీటర్స్‌బర్గ్ పాలిటెక్నిక్‌లోనే నౌకా నిర్మాణం పాఠాలు చెప్పాడు. 1916లో ఐస్‌బ్రేకర్ల నిర్మాణం చూసుకోవడానికి ఇంగ్లండ్ వెళ్లాడు. ఆ రోజుల్లోంచి ఆయన రాసిన కథలో ఓడలు కాదు, ప్రతి పనికీ టైమ్‌టేబుల్ వేసుకుని, భార్యతో గడపడానికి కూడా ఒక రోజు కేటాయించుకునే ఒక పాదరీ ఉంటాడు. నీ ఎక్సెల్ షీటు చూడగానే నాకు ఆ పాదరీయే గుర్తొచ్చాడు.

కలం పేరు పెట్టుకోనా అన్నావు. ఇంగ్లీషు నవలా రచయిత నెవిల్ షూట్ ఆ పనే చేశాడు. పూర్తి పేరు నెవిల్ షూట్ నార్వే, 1920ల్లో ఆర్100 ఎయిర్‌షిప్ మీద పనిచేస్తూ నవలలు రాసేవాడు, ఇంజనీరుగా తన మాటకి విలువ తగ్గుతుందేమోనని పుస్తకాల మీద ఇంటిపేరు తీసేశాడు. నీకిష్టమైతే పెట్టుకో, కానీ పిల్లలు ఒక్క పూటలో కనిపెట్టేస్తారు.

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను. నీ పుస్తకం నీ విద్యార్థులతో కొనిపించకు. ఆవిష్కరణ సభలో కుర్చీలు నింపడానికి వాళ్లని పిలవకు. వాళ్ల ఇంటర్నల్ మార్కులు నీ చేతిలో ఉన్నంత కాలం వాళ్ల మెచ్చుకోలు మెచ్చుకోలు కాదు, దాన్ని నమ్మితే నీ రాత అక్కడితో ఆగిపోతుంది. నీ గదికొచ్చి ఏడ్చి చెప్పుకున్న కుర్రాడి బతుకుని కథ చెయ్యకు. పేరు మార్చాను కదా అంటావేమో, చదివి తనని తాను గుర్తుపట్టాడంటే నువ్వు మార్చింది చాలలేదన్నట్టే. నీ మొదటి కథలో వైవాలో నోరు పెగలని అమ్మాయి ఎవరో నాకు తెలీదు, కానీ ఆ సెక్షన్ మొత్తానికి తెలుస్తుందని నా అనుమానం. ఆ అమ్మాయి పాసై వెళ్లేదాకా ఆ కథని బయటికి తేకు.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. ప్రమోషన్‌కి లెక్కలోకొచ్చేది రిసెర్చ్ పేపర్లే, కథలు కావు. నవల రాసే ఏడాది పేపర్లు తగ్గుతాయి, తోటివాళ్లు ముందుకెళ్తారు, అది చూస్తూ మామూలుగా ఉండగలవా అన్నది నీకు నువ్వే తేల్చుకోవాలి. పీహెచ్‌డీ సగంలో ఉందన్నావు కాబట్టి నవల ఇప్పుడు మొదలుపెట్టకు. రెండూ పెద్ద పనులు, రెండూ ఒకే చోట నుంచి బలం లాగుతాయి. ఈలోగా చిన్న కథలు రాయి.

చివరగా, రాస్తున్నట్టు హెచ్ఓడీకి చెప్పాలా వద్దా అన్నావు కదా, ముందు మీ సంస్థ సర్వీసు నియమాలు ఒకసారి చదువుకుని, తర్వాత నువ్వే చెప్పెయ్. పత్రికలో అచ్చయ్యాక ఎలాగూ తెలుస్తుంది. ఎంత మెచ్చుకున్నా, కాలేజీ సావనీరుకి ఎడిటర్‌గా వేస్తామంటే మాత్రం ఒప్పుకోకు. అటెండర్ కథలో ఆ ఆరు వాక్యాలూ తీసేసి మళ్లీ పంపు.

మీ అన్నయ్య